తడిగుడ్డ మీద వంద గింజలు

జాడీసారు విసిరిన రికార్డు పుస్తకం కిటికీ చువ్వలకు తగిలి నా కాళ్ల దగ్గర పడింది. అట్ట ఊడిపోయింది. ప్రాక్టికల్ పరీక్ష గదిలో ఉన్న అరవై మందీ తలలు దించుకున్నారు.

"ముప్పై ఒకటా?" అని అరిచాడాయన. "వంద గింజలు వేస్తే ముప్పై ఒకటే మొలిచాయా? ఏం వేశావమ్మా, గులకరాళ్లా?"

"మన గోదాం గింజలే సార్. వేరుశెనగ. మూడుసార్లు వేశాను. ముప్పై మూడు, ఇరవై తొమ్మిది, ముప్పై ఒకటి. సగటు రాశాను."

"మిగతా వాళ్లందరికీ ఎనభై ఐదు వచ్చింది. నీ ఒక్కదాని మీదే గింజలు పగబట్టాయా?"

"వాళ్లు గింజలు వెయ్యలేదు సార్. అంకె వేశారు."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే వాళ్ల రికార్డూ కిటికీ దగ్గరికి ఎగిరేది.

ఆ అమ్మాయిని కాలేజీ అంతా ఎందుకమ్మ అంటారు. ఏ పాఠం చెప్పినా లేచి "ఎందుకు?" అంటుంది కాబట్టి. రికార్డు విసిరినాయన మా విత్తన విభాగం పెద్ద. చేను ముఖం చూపించకుండా, జాడీల్లో ఊరబెట్టిన పురుగులనీ తెగుళ్లనీ చూపించి పదేళ్లుగా వ్యవసాయం నేర్పుతున్నాడు కాబట్టి జాడీసారయ్యాడు. నేను అదే విభాగంలో ఏడాదికోసారి కాగితం మార్చే కాంట్రాక్టు టీచర్ని. పిల్లల రికార్డుల కింద సంతకం పెట్టేది నేనే.

మా రికార్డుల సంగతి చెప్పాలి. మొలక పరీక్ష అంటే వంద గింజలు తడిగుడ్డ మీద పరిచి, పది రోజులు తడి ఆరకుండా చూసి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టడం. మా కాలేజీలో మాత్రం సీనియర్ రికార్డు తెచ్చుకుని ఒక్క రాత్రిలో దించెయ్యడం. ఎప్పుడో ఒకడు నిజంగానే పరీక్ష చేసి, "నాలుగవ రోజు కరెంటు పోయినది" అని నిజాయితీగా రాసుకున్నాడు. పదకొండేళ్లుగా మా కాలేజీలో ప్రతి రికార్డులోనూ నాలుగో రోజు కరెంటు పోతూనే ఉంది. చదువుకునే రోజుల్లో నేనూ పోగొట్టాను. మొలకలు పెంచే మిషను చెడిపోయి అంతకన్నా ఎక్కువ కాలమైంది. అందులో మేం అన్నం డబ్బాలు పెట్టుకుంటాం.

ఎందుకమ్మను పరీక్ష నుంచి గెంటేశారు. ఎనభై ఐదు అని తిరగరాసి తెస్తేనే లోపలికి రానిస్తామన్నారు.

మర్నాడు మధ్యాహ్నం నేను ఆ మిషను తలుపు తీసి డబ్బా అందుకుంటున్నాను. నాకు పెళ్లయి అప్పటికి ఇరవై మూడు రోజులు. మా ఆయన ట్రాక్టర్ల మెకానిక్. రోజూ డబ్బా మూత కింద ఒక కాగితం ముక్క పెడతాడు, గ్రీజు వేలిముద్రతో సహా. ఆ రోజు "ఉప్పు నేనే వేశాను, ఎంత తిట్టుకున్నా వినపడదు" అని ఉంది. నాలో నేనే నవ్వుకుంటుంటే ఎందుకమ్మ వచ్చి, బల్ల మీద ఒక గుడ్డ ట్యాగు పెట్టింది. విత్తనాల బస్తా మూతికి కుట్టే ట్యాగు. కాలేజీ ముద్ర. మొలక శాతం ఎనభై ఐదు. కింద సంతకం.

"ఇది మీదే కదా మేడమ్?"

నాదే. నా పేరులో మొదటి అక్షరం నేను కొంచెం పొగరుగా వంకర తిప్పుతాను.

"నిరుడు మా నాన్న కొన్న బస్తాది. పొలంలో మూడో వంతు కూడా లేవలేదు. ఏమిటని వచ్చి అడిగితే, లోతుగా నాటావు పో అన్నారు."

"కానీ ఇది... మేం రాసేది మార్కుల కోసం కదా?"

"మరి బస్తాల మీదికి ఎలా వచ్చింది మేడమ్?"

ఆ సాయంత్రమే గోదాం హమాలీలను అడిగి తెలుసుకున్నాను. కాలేజీ పొలమూ గోదామూ కాంట్రాక్టరుకు ఇచ్చేసి మూడేళ్లు. వాడు ఎక్కడి పాత గింజలో తెచ్చి మా గోదాంలో నింపి, కాలేజీ విత్తనాలని రైతులకు అమ్ముతాడు. వానకు తడిసి, ఆరి, మళ్లీ తడిసిన గింజలు. వాటికి పరీక్ష జరిగిందని చూపించాలి. పరీక్ష చేసేది ఎవరు? మా పిల్లలు. మేం కాపీ కొట్టిన అంకెను జాడీసారు తీసుకెళ్లి ట్యాగు మీద అచ్చు వేయిస్తున్నాడు. అరవై పుస్తకాల అబద్ధం, దాని కింద నా సంతకం, దాని కింద రైతు పొలం.

రాత్రి ఇంట్లో ట్యాగు సంగతంతా చెప్పాను. మా ఆయన ట్యాగును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నేను ఇంజను విప్పకుండా పుస్తకం చూసి బాగుచేశాననుకో, ఆ ట్రాక్టరు నా షెడ్డు ముందే ఆగిపోతుంది. నాకు పరువు పోతుంది. మీ చదువుకు ఆ భయం లేదు. మీది ఎక్కడో వేరేవాడి పొలంలో ఆగుతుంది," అన్నాడు.

కోపం వచ్చింది. ఆయన మీద కాదు.

ఎందుకమ్మా నేనూ కబురు పెడితే, మర్నాడు అందరం కాలేజీ పొలం కంచె బయటి కూలీల షెడ్డులో కూర్చున్నాం. అరవై మంది పిల్లలు, పొలంలో రోజు కూలి చేసే ఆడవాళ్లు, గోదాం హమాలీలు, ఎందుకమ్మ నాన్నతో వచ్చిన పదిమంది రైతులు. కూలి ఆడవాళ్లకు మేస్త్రి ఒక పెద్దావిడ. ఆమెను అందరూ మేస్త్రమ్మ అంటారు. నన్ను చూడగానే మొదలెట్టింది.

"ఏం పెళ్లికూతురా, మీ ఆయన వదిలిపెట్టాడా బయటికి?"

"ఆయనే పంపాడు మేస్త్రమ్మా."

"అప్పుడే విసుగొచ్చిందన్నమాట!"

షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వు చల్లారకముందే మొదటి ర్యాంకు లేచాడు. క్లాసులో ఎప్పుడూ ఫస్టు వచ్చే కుర్రాడు, పిలుపు కూడా అదే.

"నాకు ఒక మాట అర్థం కావట్లేదు. ఒక్క అంకె కోసం ఏడాది పోగొట్టుకోమంటారా? ఉద్యోగం వచ్చాక అన్నీ సరిచేద్దాం."

"ఏం సరిచేస్తావు నాయనా?" అంది మేస్త్రమ్మ. "నిన్న నువ్వే కదా, కంచె బయట నిలబడి కలుపు మొక్క చూపించి ఇదేం పంట అవ్వా అని నన్నడిగావు?"

"మాకు పొలంలోకి రావడానికి అనుమతే లేదు కదా!"

"అదే చెబుతున్నా. మీకు రావడానికి లేదు. మాకు మాట్లాడటానికి లేదు."

"మాట్లాడితే రేపే తీసేస్తారు అక్కా," వెనక నుంచి ఒక కూలి మనిషి అంది. "వీళ్లకు పోయేది మార్కులు. మనకు పోయేది పొయ్యి మీది ఎసరు."

అది నిజం. అప్పుడు ఎందుకమ్మ నాన్న లేచాడు. తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. మాట్లాడటం అలవాటు లేని మనిషి.

"లోతుగా నాటావన్నారు. చదువుకున్నోళ్లు కదా, నిజమే కాబోలనుకున్నా. ముప్పై ఏళ్లుగా నాటుతున్న ఈ చేతినే తిట్టుకున్నా." మొదటి ర్యాంకు వైపు తిరిగాడు. "బాబూ, పరీక్ష రాసేది మీరు, తప్పేది మేమా?"

మొదటి ర్యాంకు కూర్చుండిపోయాడు.

"ఇదేం పెద్ద విద్యని!" మేస్త్రమ్మ కొంగు బిగించింది. "మా అమ్మ విత్తే ముందు తడిగుడ్డలో మొలక కట్టి చూసేది. అదే చేద్దాం. నాలుగు గోడల మధ్య కాదు, గేటు దగ్గర, దారిన పోయేవాళ్లందరూ చూసేలా. మొలిస్తే బస్తాలు పోనిద్దాం. మొలవకపోతే గోదాం తలుపు తీయనివ్వం."

"వానలు పడటానికి ఇంకా పన్నెండు రోజులుంది," అన్నాడు హమాలీల పెద్ద. "ఈలోగా లారీలు వస్తే?"

"ఎత్తేది ఎవరు అన్నా?" అంది మేస్త్రమ్మ. "కాంట్రాక్టరు ఎత్తుతాడా? వాడు పడుకుంటే వాణ్ణి లేపడానికే ఇద్దరు కావాలి."

మర్నాడు పొద్దున గేటు ముందు అరవై తడిగుడ్డలు పరిచాం. మేస్త్రమ్మ గోదాం నుంచి ఒక బస్తా పట్టపగలు నెత్తిన పెట్టుకుని తెచ్చింది. ఒక్కొక్క పిల్లాడికి వంద గింజలు. నేల మీద కూర్చుని లెక్కపెడుతున్నారు. కొంతమంది గింజను చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. మూడో సంవత్సరం వ్యవసాయ విద్యార్థులు!

"మొనను ఎటు పెట్టాలి?" అడిగింది ఒకమ్మాయి.

"ఎటైనా పెట్టు తల్లీ, దానికి నీకన్నా తెలుసు కిందేదో పైనేదో," అంది మేస్త్రమ్మ.

గుడ్డను గట్టిగా పిండితే గింజ ఆరుతుంది, పిండకపోతే కుళ్లుతుంది. వేళ్లతో నొక్కితే తడి తగలాలి, చుక్క కారకూడదు. ఆ ఒక్క ముక్క మా ఏ పుస్తకంలోనూ లేదు. ఆ ఆడవాళ్లు పిల్లల చేతులు పట్టుకుని నేర్పారు. ఎందుకమ్మ "ఎందుకు?" అంటే ఎవరూ విసుక్కోలేదు. తెలిసినంత చెప్పారు, తెలియనిది నన్నడిగారు. గింజ ఊపిరి తీసుకుంటుందనీ, నీళ్లలో మునిగితే ఊపిరాడదనీ చెప్పాను. "అవునా!" అని మేస్త్రమ్మ కళ్లు పెద్దవి చేసింది. ఆరేళ్ల ఉద్యోగంలో నా పాఠానికి వచ్చిన మొదటి "అవునా" అదే.

మూడో రోజు ప్రిన్సిపాల్ గేటు దగ్గర కుళాయి కట్టేయించాడు. రైతులు బిందెలతో నీళ్లు మోశారు. ఐదో రోజు ఎండ మండిపోతే మా ఆయన షెడ్డు నుంచి పాత టార్పాలిన్ తెచ్చి కట్టాడు. "ఓహో, పెళ్లికొడుకు పందిరి వేస్తున్నాడు!" అని ఆడవాళ్లు ఏడిపిస్తే చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఏడో రోజు రెండు లారీలు వచ్చాయి. హమాలీలు కొక్కేలు నేలమీద పెట్టి గోదాం తలుపుకు వీపులానించి కూర్చున్నారు. డ్రైవర్లు కాసేపు హారన్లు కొట్టి, దిగొచ్చి, ఏమిటని అడిగి, గుడ్డలు చూసి, ఖాళీ లారీలతో వెళ్లిపోయారు.

పదో రోజు లెక్క. రోడ్డుకు రెండు వైపులా జనం. పిల్లలు గుడ్డలు విప్పారు. పైకి లేచిన తెల్లటి మొలకలు కొన్ని. మిగతావన్నీ నల్లగా, మెత్తగా, కుళ్లు కంపు. అంకెలు ఒక్కొక్కటే గట్టిగా చదువుతుంటే పోలీసులు దిగారు.

"బస్తా ఎవరు తెచ్చారు?"

"నేనే తెచ్చా," అంది మేస్త్రమ్మ.

"విత్తనాల దొంగతనం కేసు. పద."

"విత్తనాలా? ఆ మాట కోర్టులో కూడా అనాలి మరి!" అని చీర దులుపుకుని నడిచింది. అడ్డం వెళ్లిన ఎందుకమ్మను జుట్టు పట్టి వ్యానులోకి తోశారు. లాఠీలు లేచాయి. ఎందుకమ్మ నాన్న చెయ్యి విరిగింది. ముప్పై ఏళ్లుగా నాటుతున్న చెయ్యి. బూట్లు గుడ్డలను తొక్కుకుంటూ పోయాయి. మొలిచిన ఆ కొన్నీ నలిగిపోయాయి.

ఇంకా దుమ్ము అణగలేదు, మైకులో ప్రిన్సిపాల్ గొంతు. "విద్యార్థులకు చివరి అవకాశం. గంటలో రికార్డులు రాసి ఇచ్చినవాళ్లు పాసు. ఇవ్వనివాళ్లకు ఏడాది పోయినట్టే."

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందుగా మొదటి ర్యాంకు లేచి లోపలికి నడిచాడు. వెనకే ఇంకొకడు. తర్వాత అందరూ. ఎందుకమ్మ కాక మిగిలిన యాభై తొమ్మిది మందీ!

"అయిపోయింది," అంది ఒక కూలి మనిషి. ఉమ్మేసింది. నాకూ ఒళ్లు మండిపోయింది. పది రోజులు చేతులు పట్టుకుని నేర్పింది ఇందుకా?

నేనూ లోపలికి వెళ్లాలి. సంతకం నాదే కదా.

గంట తర్వాత జాడీసారు మొదటి పుస్తకం తెరిచాడు. మూసి రెండోది తెరిచాడు. మూడోది. ముఖం రంగు మారింది.

"ముప్పై నాలుగు. ఇరవై ఏడు. ముప్పై. ఇరవై తొమ్మిది... ఏమిట్రా ఇది? ఇద్దరికి ఒక్కలా లేదేం? ఎవరిని చూసి రాశారు?"

మొదటి ర్యాంకు లేచాడు.

"గింజను చూసి సార్."

"ఫెయిల్! అందరూ ఫెయిల్! మేడమ్, వీటి మీద సంతకం పెట్టారంటే మీకు రేపటి నుంచి పని లేదు."

నేను పెన్ను తీశాను. యాభై తొమ్మిది పుస్తకాలు. ఒక్కొక్కటీ తెరిచి, అంకె చదివి, సంతకం పెట్టాను. కిటికీ దగ్గర అట్ట ఊడిన పుస్తకాన్ని ఆ రోజే దాచాను. ముప్పై ఒకటి కింద కూడా పెట్టాను. జీవితంలో మొదటిసారి నేను పరీక్ష దిద్దానన్నమాట.

రికార్డులు చంకన పెట్టుకుని అందరం బయటికి వచ్చాం. ఇందాక ఉమ్మేసిన మనిషి ఒక కుర్రాడి పుస్తకం లాక్కుని, "ఎంత రాశావురా?" అని అడిగింది. వాడు చెప్పగానే వాడి వీపు మీద చరిచింది. దెబ్బో మెప్పో వాడికే తెలియాలి.

స్టేషను దాకా నడిచాం. హమాలీల్లో సగం మంది గోదాం తలుపు దగ్గరే ఉండిపోయారు. మిగతా సగం మాతో వచ్చారు. మేస్త్రమ్మనూ ఎందుకమ్మనూ వదిలేదాకా కదలమని స్టేషను మెట్ల మీద కూర్చున్నాం. మా పుస్తకాలు సాక్ష్యంగా తీసుకోమన్నాం. ఇన్‌స్పెక్టరు తలుపు వేసుకున్నాడు. లోపలి గదిలోంచి ఎందుకమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. పోలీసులను "ఎందుకు?" అని అడుగుతోంది.

అప్పుడు జనంలోంచి ఒకావిడ ముందుకు వచ్చింది. ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. కాళ్ల నిండా దుమ్ము, చాలా దూరం నుంచి నడిచి వచ్చినట్టుంది.

"మా వైపు కూడా ఒక గోదాం ఉంది. ఇలాంటి ట్యాగులే కుడుతున్నారు. ఆ గుడ్డ ఎలా కట్టాలో మాకు చూపించాలి. ఎవరొస్తారు?" అంది.

చేతులు లేచాయి. క్లాసులో ఎప్పుడూ చెయ్యెత్తని వెనక బెంచీ వాళ్లవే ముందుగా లేచాయి.