చేదుతిత్తి

మిట్టమధ్యాహ్నానికి నొప్పి మళ్ళీ లేచింది. దవాఖాన వరండాలో బీరమ్మ గోడకు వీపానించి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని కూచుంది. కళ్ళు పచ్చబడ్డాయి. కుడి డొక్కమీద మూడు వాతలు. మూడూ బావ గాలయ్య కొడవలి కాల్చి పెట్టినవే. రెండు మానాయి. మూడోది ఇంకా చీము కారుతోంది.

"కాలేయం కింది చేదుతిత్తిలో రాళ్ళున్నాయి. కోసి తిత్తిని తీసెయ్యాలి," అన్నాడు డాక్టరు ఆమె మొగుడు గుర్వయ్యతో.

గుర్వయ్య గొంగడి కొసను వేళ్ళకు చుట్టుకుంటూ నిలబడ్డాడు. అన్న గాలయ్యే అందుకున్నాడు.

"గొర్లను కోసేటోళ్ళం సారూ, మాకెర్క లేదా? చేదు పగిలితే కార్జం కుక్క గూడ ముట్టది. మనిషి కడుపుల పగిలితే?"

"పగలకుండానే చూస్తాం. భయం లేదని మాత్రం చెప్పను. ఈ ఏడాది ఆరుగురికి చేశాం. ఒకామె లేవలేదు. చెయ్యకపోతే లోపల దానంతటదే పగలొచ్చు. రేపో, వచ్చే నెలో."

"లేవలేదంట, ఇన్నవా తమ్మీ! ఇంకొక్క వాత లోతుగ పడితే నొప్పి గుంజుకపోతది. నే బండి కడత."

ఇంట్లో గొర్రెను కోసినప్పుడల్లా మొగవాళ్ళు తోలు ఒలిచి లేస్తారు. చేదుతిత్తిని ఊడదీసేది బీరమ్మే. దాని మెడను రెండు వేళ్ళతో నొక్కిపట్టి, ఊపిరి బిగబట్టి, పొర వెంట మెల్లగా లాగాలి. పన్నెండేళ్ళ కాపురంలో ఒక్కసారే పగిలింది. ఆ రోజు గాలయ్య వెనకనుంచి "బిరాన కానియ్యి" అని అదిలించాడు.

"సారూ," అంది బీరమ్మ. "నీ చేతుల ఎప్పుడన్న పగిలిందా?"

డాక్టరు తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఒకసారి."

"గా మనిషి?"

"బతికాడు. మూడు నెలలు మంచంలో ఉన్నాడు."

"నా చేతుల గూడ ఒక్కటే పగిలింది. మా గొర్రెకైతే మళ్ళ లేచి నడిచే పని లేకుండె."

డాక్టరు నవ్వబోయి ఆగిపోయాడు.

కాంపౌండరు కోతకు ఒప్పుకోలు కాగితం తెచ్చి మొగుని వేలిముద్ర కావాలన్నాడు. గుర్వయ్య బొటనవేలికి సిరా అద్దుకుని కాగితం మీదికి వంగాడు. మెట్ల కింద గాలయ్య దగ్గాడు. వేలు గాలిలోనే ఆగింది. తర్వాత మెల్లగా గొంగడి లోపలికి పోయింది. నల్ల ఉన్నిలో సిరా కనపడకుండా ఇంకిపోయింది.

"లే బీరమ్మా," గాలయ్య పిలిచాడు. "పొద్దు గూకక ముందే కట్టంగూరు చేరాలె. కొడవలి పొయ్యిల పెట్టమని ఇంట్ల చెప్పొచ్చిన."

బీరమ్మ లేవలేదు.

"నా కడుపు మీద ఇగ ఇనుము కాల్చనియ్య. నువ్వు పో బావా."

గాలయ్య ఎడ్ల పగ్గాలు పట్టుకుని బండి దగ్గరే నిలబడ్డాడు. ఆమె చెయ్యి చాచి, తన వేలు సిరాలో ముంచి కాగితం మీద ఒత్తింది.

"నీ ఒక్కదాని ముద్ర చెల్లదమ్మా," అన్నాడు కాంపౌండరు. "ఆయనది కూడా కావాలి."

నొప్పి భుజం దాకా పాకింది. బీరమ్మ రెండు వేళ్ళతో డొక్కను నొక్కిపట్టి, ఊపిరి బిగబట్టి, మొగుని గొంగడి వైపే చూస్తోంది. లోపలికి పోయిన చెయ్యి ఇంకా బయటికి రాలేదు.