చెప్పలేదన్నాడు

డాక్టర్ నీలకంఠం తరఫున దాఖలైన జవాబును వకీలు వీరన్న ఒడియాలో చదువుకుంటూ, ముక్క ముక్కా తెలుగు చేసి రామతులసికి చెబుతున్నాడు. బరంపురం కోర్టు వెనక సందులో ఆయన గది. ఒళ్ళో కూతుర్ని పెట్టుకుని ఆమె వింటోంది. ఒకచోట ఆయన ఆగాడు.

"కడుపుతో ఉన్నట్టు నువ్వు తనకి సెప్పనేలేదని రాసినాడమ్మా. మనసు బాగులేని మనిషి కాబట్టి సెప్పినట్టు భ్రమపడుతోందట."

రామతులసి ఏడవలేదు. పాప గౌను సర్ది, "ఇంకోపాలి సదవండి" అంది. ఆయన మళ్ళీ చదివాడు. అంతవరకూ ఆ డాక్టరు పేరెత్తితే ఆమెకు ఏడుపొచ్చేది. ఆ పూటతో అది పోయింది. వాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగెయ్యాలన్న కసి ఒక్కటే మిగిలింది.

ఒకప్పుడు ఆ డాక్టర్ని దేవుడనే అనుకుంది. తొలి బిడ్డ కడుపులోనే పోయాక, బరంపురం శివారు హల్దియాపదర్‌లోని ఇంట్లో ఆమె గోడవైపు తిరిగి పడుకునేది. తల దువ్వుకునేది కాదు, పెట్టింది తినేది కాదు. భర్త గణపతిరావు రైల్వే స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా. డ్యూటీ దిగి వచ్చి తనే ఇంత అన్నం వార్చుకునేవాడు. చివరికి అత్త కూర్మమ్మ సొంతూరు చికిటి నుంచి వచ్చి, కోడల్ని నీలకంఠం దగ్గరికి తీసుకెళ్ళింది. మనసు కుదుటపడ్డానికి ఆయనిచ్చిన మాత్రలతో కొన్ని నెలలకి రామతులసి మళ్ళీ మనుషుల్లో పడింది. ఊళ్ళోవాళ్ళకి మాత్రం కూర్మమ్మ అవి థైరాయిడ్ మాత్రలని చెప్పేది. ఆమెకు పెళ్ళికెదిగిన కూతురుంది.

మళ్ళీ నెల తప్పగానే అత్తాకోడళ్ళు ఆయన దగ్గరికే వెళ్ళారు. కడుపుతో ఉన్నానని చెప్పి, మాత్రలు ఆపెయ్యమంటారా అని రామతులసి అడిగింది. ఆయన రాస్తున్నది ఆపకుండానే నవ్వాడు. "ఆపితే మళ్ళీ గోడకేసి తిరుగుతావు. బిడ్డకేటీ అవదు, వేసుకో" అన్నాడు. వేసుకుంది.

అమ్మడు పుట్టినప్పుడు పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. గుండెలో రంధ్రమన్నారు. విశాఖపట్నంలో ఒక ఆపరేషన్ చేసి, కాస్త పెద్దయ్యాక ఇంకోటి చెయ్యాలన్నారు. కడుపుతో ఉండగా ఏ మందులు వాడావని అక్కడి డాక్టరమ్మ అడిగింది. మాత్ర పేరు విని కలం పక్కన పెట్టింది.

"దానివల్లే అని ఎవరూ ఒట్టు పెట్టి చెప్పలేరు. కాకపోతే మొదటి నెలల్లో ఆ మాత్ర వాడితే ఇలాంటి లోపాలు కొంచెం ఎక్కువ వస్తాయని తెలిసిన విషయమే. వేరే మందుకి మార్చి ఉండొచ్చు. నీకు చెప్పలేదా?"

ఆ సంగతి అడగడానికే రామతులసి నీలకంఠం గుమ్మం ఎక్కింది. పొరపాటైపోయిందని ఒక్క మాట అని ఉంటే అక్కడితో పోయేదేమో. ఆయన లోపలికే రానివ్వలేదు. దాంతో వినియోగదారుల ఫోరంలో కేసు వేసింది.

చెప్పలేదన్న ఆయన జవాబు అబద్ధమని తేల్చాలంటే ఇప్పుడు సాక్షి కావాలి. ఆ రోజు పక్కన కూర్చున్నది కూర్మమ్మ ఒక్కతే.

"నాను కోర్టుకెక్కి, మా కోడలు పిచ్చి మాత్రలు తిన్నాదని సెప్పాలా?" అంది కూర్మమ్మ. "రేపు నా కూతుర్ని ఎవుడు సేసుకుంటాడే?"

"అది పిచ్చి కాదత్తా."

"నాకు తెలుసు. ఊరికి తెలుసా?"

మర్నాడు పొద్దున్న వీధి కుళాయి దగ్గర రామతులసి బిందె దించి, వరసలో ఉన్న ఆడవాళ్ళందరికీ వినబడేలా మొదలుపెట్టింది. "మా అత్త మీకు థైరాయిడ్ అని సెప్పింది. కాదు. బిడ్డ పోయినాక నా మనసు సెడిపోయింది. దానికి మందులు తిన్నాను. ఏటైనా అడగాలనుంటే నన్నే అడగండి." ఒడియా వాళ్ళ కోసం అదే మళ్ళీ వచ్చీరాని ఒడియాలో చెప్పింది. కూర్మమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింది. కోడలితో మాట మానేసింది. రామతులసికి జాలి కలగలేదు. అత్తకి దాచుకోడానికి ఏమీ మిగలకూడదనే ఆ పని చేసింది.

వారం గడిచాక కూర్మమ్మే నోరు విప్పింది. "నా పరువు కుళాయి కాడ పారబోసినావు. సరే, వస్తాను. ఆడు నవ్విన నవ్వు నాకూ కళ్ళల్లోనే ఉంది."

అత్తగారు సాక్ష్యానికి వస్తోందని తెలిశాక నీలకంఠం ఒక సాయంత్రం ఇంటికే వచ్చాడు. గణపతిరావు కంగారుగా కుర్చీ తుడిచి వేశాడు.

"ఒక ఊళ్ళో ఉన్నోళ్ళం, మనకి కోర్టులెందుకమ్మా?" అన్నాడు డాక్టరు. "పాప రెండో ఆపరేషన్ ఖర్చంతా నాది. కేసు వెనక్కి తీసుకో."

"ఆ రోజు నేను సెప్పినానా, లేదా?"

"అదంతా ఇప్పుడు తవ్వుకుని..."

రామతులసి అమ్మడిని తెచ్చి ఆయన ముందు కూర్చోబెట్టి, గౌను బొత్తాలు విప్పింది. రొమ్ము మధ్య నిలువునా మచ్చ. "గొట్టం తెచ్చుంటారు కదా. పెట్టి వినండి" అంది.

ఆయన గణపతిరావు వైపు చూశాడు. తర్వాత సంచిలోంచి స్టెతస్కోపు తీశాడు. చల్లటి బిళ్ళ తగిలి పాప ఉలిక్కిపడింది. ఆయన చాలాసేపే విన్నాడు. తలెత్తేసరికి ముఖంలో నెత్తురు లేదు.

"అమ్మా, ఆ రోజు నేను..."

"ఇక్కడొద్దు. అక్కడ సెప్పండి, అందరూ వినేలాగ." ఆమె లేచి తలుపు బార్లా తీసింది.

ఆయన వెళ్ళాక గణపతిరావు అన్నాడు, "నీ పంతం కోసం దాని ఆపరేషన్ ఒదిలేసుకుంటావా తులసీ?"

ఆ మాట ఆమెకు సూదిలా దిగింది. ఆ మాత్రలు మింగింది తన చేతులతోనే అన్న సంగతి ఆమెను ఒక్కనాడూ వదల్లేదు. అయినా తగ్గలేదు. "రైల్వే ఆస్పత్రి రాసిస్తే ఖర్చు రైల్వేదే కదండీ. ఆడి దయ మీద నా కూతురు బతకక్కర్లేదు" అంది.

విచారణ రోజున నీలకంఠం పాతపాటే పాడాడు. ఆమె చెప్పలేదన్నాడు. ఆయన వకీలు రామతులసిని నిలదీశాడు. "మీ మనసు స్వాధీనంలో లేని రోజులవి. మీ జ్ఞాపకాన్ని ఎలా నమ్మాలి?"

"ఆయన మందుతో నాకు బాగయిందా లేదా, ముందు ఆయన్నే అడగండి బాబూ" అంది రామతులసి. "బాగవలేదంటే అన్నాళ్ళూ ఏం వైద్యం సేసినట్టు? బాగయిందంటే నా గుర్తు నిజమే కదా?"

హాల్లో ఎవరో దగ్గారు. తర్వాత కూర్మమ్మ వచ్చింది. ముసుగు సర్దుకుని, ఆ రోజు కోడలు ఏమడిగిందో, డాక్టరు ఎలా నవ్వాడో, ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పింది. ఎదుటి వకీలు ఎంత తిప్పినా మాట మారలేదు. ఆమె చెబుతున్నంతసేపూ రామతులసి డాక్టరు ముఖం మీంచి చూపు తిప్పలేదు. ఆయన మెడ వంగుతూ వంగుతూ పోవడం చూస్తుంటే, ఎండలో నడిచొచ్చి చల్లటి నీళ్ళు తాగినట్టయింది ఆమెకు.

తీర్పులో ఫోరం రెండు మాటలు చెప్పింది. బిడ్డ లోపానికి మాత్రే కారణమని తేల్చలేమంది. అయితే తల్లి చెప్పిందనీ, అడిగిందనీ, ప్రమాదం తెలియజెయ్యాల్సిన డాక్టరు తెలియజెయ్యలేదనీ, పైగా ఫోరం ముందు అబద్ధమాడాడనీ అంది. పరిహారం ఇమ్మంది. "అబద్ధం" అన్న మాట దగ్గర రామతులసి వీరన్న చేత మళ్ళీ చదివించుకుంది. ఆ పూట రెండు మారులు అన్నం వడ్డించుకుని తింది.

నీలకంఠం కటక్‌లోని పై ఫోరంలో అప్పీలు వేశాడు. నెల తిరక్కుండానే ఆసుపత్రికి తాళం పెట్టి భువనేశ్వర్లో కొడుకింటికి పోయాడు. గణపతిరావు స్టేషన్లో ఆ కబురు విని వచ్చి భార్యకు చెప్పాడు.

"ఊరొదిలి పోయినాడు పాపం. ఇంక సాలదా?"

రామతులసి అమ్మడి నోట్లో ముద్ద పెడుతోంది. ఆయాసంతో పాప నెమ్మదిగా నములుతోంది. అది మింగేదాకా ఆగి, "సాలదు" అంది. "కొడుకిల్లు ఏ వీధిలోనో వీరన్నగారికి తెలిసుంటాది. కటక్‌లో మనమేసే జవాబు నకలు ఆ గుమ్మానికే ఎల్లాలని సెప్పిరండి. కోడలూ మనవలూ ఉండగా అందుకోవాల ఆడు."

గణపతిరావు చెప్పులేసుకుని వీరన్న ఇంటివైపు వెళ్ళాడు. ఆమె ఇంకో ముద్ద కలిపింది.