మిద్దెగదిలో జాడీలు

జాడీ మూతికి కట్టిన గుడ్డ విప్పుతూనే ఎస్తేరుకు తెలిసిపోయింది. ద్రాక్షారసం పులవాల, నిజమే, కానీ ఆ పులిసే వాసన వేరే. ఇది చిరక వాసన, వెనిగరు మాదిరి. కండ్లలోకి ఎక్కి నీళ్ళు తెప్పిచ్చింది. కట్టెగరిటెతో అడుగునుంచి ఒకసారి తిప్పి, గరిటె కొస నాలిక్కి తగిలిచ్చుకొని, గబగబా గుడ్డ మళ్ళీ కట్టేసింది. ఎవరన్నా చూసినారేమోనని వెనక్కి తిరిగింది. ఆ రేకుల వంటింట్లో చూసేదానికి ఎవరుండారు? పొయ్యి, నీళ్ళ బాన, గోడవార చుట్టిపెట్టిన తన చాప.

మిద్దెగది గడప దగ్గర నిలబడి, "యామండీ, రసం చెడిపోయినట్టుండాది" అని చెప్పింది. దానియేలు బడికి పోయే తొందరలో చొక్కా గుండీలు పెట్టుకుంటా, తలెత్తకుండానే "చక్కెర కలుపు" అన్నాడు. "చక్కెరతో పొయ్యేది కాదండీ, ఇది చిరక" అంటే, "నీ ముక్కు పెద్ద ల్యాబొరేటరీ మరి! ఈస్టరు నెత్తిమీదికొచ్చె, ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు? కలుపు పో" అన్నాడు. కలిపింది. కాపురానికొచ్చి ఆమె నేర్చుకున్న విద్య అదొక్కటే, తనకు తెలిసింది ఒకసారి చెప్పడం, తర్వాత వాళ్ళు చెప్పింది చెయ్యడం.

పెనుకొండ కింద ఆ ఊరి చర్చిలో ప్రభుభోజనానికి ఇచ్చే ద్రాక్షారసం దానియేలు సారింట్లోనే తయారవుతుంది. అత్త రూతమ్మ చేసేది, ఆమె చేతినుంచి ఎస్తేరుకొచ్చింది. ఏటా ఫిబ్రవరిలో హిందూపురం పక్కన గంగప్ప తోటలోనుంచి నల్లద్రాక్ష గంపలు బస్సు టాపు మీద వస్తాయి. కడిగేది, నీడన గుడ్డ పరిచి ఆరబెట్టేది, ఒక్కొక్క పండూ తొడిమ తీసేది, చేత్తో పిసికి చక్కెరా గుప్పెడు గోధుమలూ వేసి జాడీలకెత్తేది, పొద్దునా సాయంత్రం తిప్పేది, వడగట్టి తేటపడినాక సీసాలకు పోసేది, అంతా ఎస్తేరే. ఆ సీసాలు చేతిసంచిలో పెట్టుకొని చర్చికి నడిచేది మాత్రం దానియేలు. అందుకే సంఘంలో దాన్ని అందరూ 'దానియేలు సారు రసం' అంటారు. పెండ్లయి వచ్చిన కొత్తలో ఆ మాటకు ఆమెకు నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత రాలే.

అయినా ఆ పనంటే ఆమెకు ప్రాణం. ఇల్లు అత్తామామలది, జీతం ఆయనది, కూతురు గ్రేసు నర్సింగు చదువుకోనీకి బెంగుళూరు పోయింది, పోయినప్పటినుంచి ఇంట్లో ఆమెతో పది మాటలు మాట్లాడే మనిషి లేదు. ఆ జాడీలొక్కటే తనవి. మంచిగా పులిసేటప్పుడు చెవి దగ్గర పెడితే లోపల సన్నగా బుసబుసమని శబ్దమొస్తుంది. అది వింటా కాసేపు కూర్చుంటుంది. పిచ్చిదని అనుకున్నా సరే, మాట్లాడినట్టే ఉంటుంది ఆమెకు.

ఆ ఈస్టరునాడు పాస్టరయ్య గిన్నె ఎత్తి మొదట తాను తాగినాడు. ముఖం ముడుచుకుపోయింది. అట్లనే గిన్నె వరసలోకి ఇచ్చినాడు. మోకాళ్ళ మీదున్న వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ముఖం చిట్లిస్తాంటే, ఎస్తేరు ఒక్కొక్కరినే చూస్తా తన వంతుకు కాసుకుంది. తన చేత్తో చేసిన చిరకే తానూ మింగింది. బయటికొచ్చినాక ఎవరో పెద్దామె, "ప్రభువుకు సిలువ మీద ఇచ్చిన చిరకే మనకూ ఇచ్చె దానియేలు సారు" అని కిసుక్కుమనింది. దానియేలుకు అది తగిలింది. చర్చి మెట్ల మీద, అందరూ వినేటట్టు, "నేనేం చేసేదప్పా? బడికి పోయేదా, జాడీలకు కావలి కూర్చునేదా? ఇంట్లోవాళ్ళకు మునుపటి శ్రద్ధ లేదు" అన్నాడు. చూడండి, రసం బాగుంటే దానియేలు సారుది, చెడితే ఇంట్లోవాళ్ళది!

ఆ సాయంత్రం పాస్టరమ్మ ఇంటికొచ్చింది. మంచి మనిషే. ఎస్తేరు చెయ్యి పట్టుకొని, గొంతు తగ్గిచ్చి, "ఆ మూడు దినాల్లో గానీ జాడీలు ముట్టుకున్నావా తల్లీ?" అని అడిగింది. ఆ మూడు దినాలు ఎస్తేరుకు నిలిచిపోయి ఏడాది దాటింది. ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర లేకపోవడం, ఉత్తపుణ్యానికి ఏడుపు రావడం, అంతా ఆ వంటింట్లోనే, ఒక్కతే పడింది. మొగునికి తెలియదు. ఆయన అడగలే, ఈమె చెప్పలే. ఇప్పుడు మొదటిసారి ఒకరు అడిగినారు, అదీ రసం కోసం. "లేదమ్మా" అని మాత్రం అనింది. పాస్టరమ్మ లేస్తా లేస్తా, "చర్చి కమిటీలో అనుకుంటాండారు, వచ్చే ఏడు గూడా ఇట్లయితే ఇంగ బెంగుళూరునుంచి సీసాలు కొనుక్కొచ్చుకుందామని. నువ్వు ఏమనుకోవద్దు" అని చెప్పిపోయింది.

ఏమనుకోకుండా ఎట్ల? ఆ రాత్రి అన్నం సయించలే. జాడీలు పోతే ఇంగ తనకేముండాది ఆ ఇంట్లో, గిన్నెలు తోమేది, చొక్కాలు ఇస్త్రీ చేసేది తప్ప?

మరుసటేడు ఫిబ్రవరికి గంపలకోసం తానే హిందూపురం బస్సెక్కింది. దానియేలు ఒప్పుకున్నాడు, మళ్ళీ చెడితే ఎంచుకొచ్చింది ఆమే అని చెప్పొచ్చు కదా. గంగప్ప తోటలో అడుగు పెడుతూనే తలెత్తి పందిరి చూసింది. పందిరి మీద సగం తీగలు ఎండిపోయినాయి. ఉన్న గుత్తుల్లో ఒక పండు నల్లగా, పక్కది ఎర్రగా, ఇంకోటి పచ్చిగా.

"ఏమి గంగప్పా, ఇట్లుండాది?"

"ఏం జెప్పేదక్కా. చలి యాడుంది? రాత్రిళ్ళు చలి పట్టకుంటే దీనికి రంగు యాడనుంచొస్తాది? ఉగాది కాలం ఎండలు ఇప్పుడే కాస్తాండాయి. రంగు పట్టకముందే తీపెక్కి మెత్తబడిపోతాంది. పడాల్సినప్పుడు పడని వాన, పండు మాగేటప్పుడొచ్చి తోలు పగలగొట్టిపాయ. దుడ్లన్నీ బోర్లకు పోసినా, దుమ్ము వస్తాంది. మా నాయన కాలంలో ఈ తోట ఇట్ల లేదక్కా." గంపలోనుంచి చెడినవి ఏరి పారేస్తా, "పోయినేడు నీ రసం పాడైందంట గదా. నీ తప్పేముండాది అందులో" అన్నాడు.

బస్సులో గంపల్ని చూసుకుంటా కూర్చొని ఎస్తేరు ఆ మాటనే తలుచుకుంది. నీ తప్పేముండాది. ఎవరో ఒకరు అన్నారు, అంతే చాలు, కండ్లలో నీళ్ళు తిరిగినాయి. తాను కాపురానికొచ్చినప్పుడు ఈ మాసంలో పెనుకొండలో తెల్లవార్తే దుప్పటి తీయబుద్ధయ్యేది కాదు, రసం తిప్పేటప్పుడు జాడీ చేతికి చల్లగా తగిలేది. పోయినేడు అదే జాడీ మీద మధ్యాహ్నం చెయ్యేస్తే జ్వరమొచ్చిన బిడ్డ ఒళ్ళు మాదిరి కాలింది. ఆ రేకుల కింద పగలంతా పొయ్యి, పైనుంచి ఎండ. రసం చిరక గాక ఏమవుతాది?

వంటిల్లు మొదటినుంచీ రేకులది కాదు. ఆ ఇంటికి ఉన్నది ఒకటే మట్టిమిద్దె గది, రాతిగోడలు మూరెడు మందం, నడి వేసవిలో గూడా చల్లగా ఉంటుంది. దాని వెనక బోదగడ్డి కప్పిన వంటసాల ఉండేది. అది కూలితే దానియేలు ఖర్చు తక్కువని రేకులేయించినాడు. మంచాన పడిన అత్తను ఆ రేకుల కిందే పెట్టినారు, ఆమెకు మూత్రాలెత్తనీకి ఎస్తేరు చాప అక్కడికి మార్చుకుంది. అత్త పోయింది. చాప మాత్రం అక్కడే ఉండిపోయింది. లోపలికి రమ్మని ఆయన అనలే. ఒకసారి ఈమే అడిగితే, "నాకు తెల్లారుజామున ప్రార్థన ఉంటాది, నిద్ర చెడితే బడిలో తూగాల" అన్నాడు. వంటింటికొక ఫ్యానన్నా పెట్టియ్యండి అంటే, "ఫ్యానుకు పొయ్యి ఆరిపోదా? ఆడోళ్ళు పుట్టినప్పటినుంచి ఎండలోనే వండుతాండారు" అని నవ్వినాడు. ఆ నవ్వు ఆమెకు ఇప్పటికీ గుర్తుంది, అందుకే మళ్ళీ అడగలే.

కానీ జాడీలకోసం అడిగింది. "ఈ ఏడు రసం మిద్దెగదిలో పెడదామండీ. వంటింట్లో ఉడుకు, నిలవదు."

"ఎండ నిన్న కొత్తగా పుట్టిందా? మా అమ్మ చెయ్యలేదా? గదంతా సారాయంగడి వాసన చేస్తావా?"

ఎస్తేరు జాడీలకు తడి గోనెసంచులు చుట్టి, అవి ఆరినప్పుడల్లా బిందెలు మోసి తడుపుకుంటా వారం గడిపింది. కొళాయి రోజుమార్చి రోజు వస్తుంది, తాను నీళ్ళు పోసుకునేది తగ్గిచ్చి వాటికి పోసింది. అంతలో పాస్టరయ్య జాడీలు చూసిపోదామని వచ్చినాడు. వంటింట్లో నిలబడినాడో లేదో, చెమటలు కక్కుతా బయటికి ఉరికినాడు. "అబ్బా, ఈ అగ్గిలో ఏం నిలుస్తాది దానియేలూ? లోకమంతా వేడెక్కిపోతాందని పేపర్లలో రాస్తాండారు. చల్లని చోటికి మార్చాల, లేకుంటే ఈ ఏడూ అంతే."

"అదే సార్, నేనూ అనుకుంటాండా" అన్నాడు దానియేలు.

ఎస్తేరు మంచినీళ్ళ చెంబు పట్టుకొని అక్కడే ఉంది. తాను చెబితే సారాయంగడి వాసన, పాస్టరయ్య చెబితే తానూ అనుకుంటాండాడంట! ఒళ్ళు మండింది. చెంబు కింద పెట్టి లోపలికి పోయింది, కూరలో ఉప్పెక్కువేసింది, అంతే చేయగలిగింది.

ఆ పొద్దే జాడీలు మిద్దెగదిలోకి పోయినాయి. దానియేలు స్వయంగా మంచం జరిపినాడు. వంక ఇసుక తెచ్చి పోసి, తడిపి, దాంట్లో జాడీలు నిలిపినాడు. టేబుల్ ఫ్యాను తన మంచంవైపునుంచి జాడీలవైపుకు తిప్పినాడు. బడినుంచి రాగానే చెప్పులు గూడా విడవకుండా పోయి జాడీ మీద చెయ్యి పెట్టి, "చల్లగుండాది ఎస్తేరూ, చల్లగుండాది" అనేవాడు. అంత మెత్తగా ఆయన చెయ్యి తన నుదుటిమీద ఎప్పుడన్నా పడిందా అని ఆమె జ్ఞాపకం చేసుకోబోయి, వద్దులే అని మానుకుంది.

పొద్దునా సాయంత్రం తిప్పనీకి ఆమె ఆ గదిలోకి పోతాంది. మొదటిరోజు లోపలికి అడుగుపెడితే, వీపుకు అతుక్కున్న జాకెట్టు విడిపోయి చల్లగా తగిలింది. గరిటె తిప్పేది అయిపోయినా ఊరికే నిలబడింది. గోడకు చెంప ఆనిచ్చింది. ఎంత చల్లగుండాది! ఈ చల్లదనం ఇన్నేండ్లు తనకు ఆరేడు అడుగుల దూరంలో, ఒక గోడకవతలే ఉండాది. తడి ఇసుకలో, ఫ్యాను గాలిలో, జాడీలు హాయిగా బుసబుసమంటాండాయి. ఆమె వాటిని చూసింది, ఎందుకో తెలియదు, ఈర్ష్య పుట్టింది. మట్టిజాడీల మీద ఈర్ష్య! తన మీద తనకే జాలేసి అక్కడే కూలబడి ఏడ్చింది. రేకుల కింద ఏదీ నిలవదని ఊరంతా ఒప్పుకున్నారు. పాస్టరయ్య ఒప్పుకున్నాడు, కమిటీ ఒప్పుకుంది, మొగుడు ఒప్పుకున్నాడు. ఆ రేకుల కిందే ఒక మనిషి గూడా ఉండాదని ఒక్కరి నోట్లోనుంచీ రాలే.

రసం బ్రహ్మాండంగా వచ్చింది. రంగు కొంచెం తక్కువే, అది గంగప్ప తోట ఖర్మ. కానీ రుచి, తేట, వాసన అన్నీ కుదిరినాయి. ఈస్టరునాడు గిన్నె తిరిగినప్పుడు ఒక్క ముఖమూ చిట్లలేదు. ఆరాధన అయినాక పాస్టరయ్య లేచి, "ఇంత ఎండల్లో గూడా దానియేలుగారు తన సొంత గదిలో చోటిచ్చి, తన ఫ్యాను గూడా ఇచ్చి ఈ రసాన్ని కాపాడినారు. ఇంగ ప్రతి ఏడూ వారింటినుంచే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. దానియేలు తల వంచుకొని చేతులు జోడిచ్చినాడు. ఆడవాళ్ళ చాప మీద కూర్చున్న ఎస్తేరు గూడా చప్పట్లు కొట్టబోయి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. జాడీలు దక్కినాయి, సంతోషమే. కానీ ఆ సంతోషం పంచుకోనీకి పక్కకు తిరిగితే, పక్కామె కొడుక్కి ముక్కు తుడుస్తాంది.

మధ్యాహ్నం పాస్టరయ్యా వాళ్ళూ భోజనానికొచ్చినారు. తెల్లవారుజామునే లేచి వండిపెట్టిందే, అయినా వేడి వేడిగా ఉండాల కదా, మళ్ళీ పొయ్యి ముట్టిచ్చింది. వడ్డిచ్చింది. తిని, కూర బాగుందని దానియేలుకు చెప్పి పోయినారు. వాళ్ళను సాగనంపనీకి ఆయన రోడ్డుదాకా పోయినాడు. బయట ఎండ చిటపటలాడతాంది. ఎస్తేరు ఎంగిలి ఆకులెత్తింది, చేతులు కడుక్కుంది. గిన్నెలు అట్లనే వదిలేసింది. వంటింట్లోకి పోయి చాపా దిండూ తీసుకొని, మిద్దెగదిలోకి వచ్చి, జాడీలకూ మంచానికీ మధ్యలో పరుచుకొని పండుకుంది. చేయి చాపి ఫ్యాను కొంచెం తన వైపుకు తిప్పుకుంది.

దానియేలు వచ్చి తలుపు బార్లా తెరిచి అక్కడే నిలబడిపోయినాడు.

"ఏమి, ఈడ పండుకున్నావు? ఒళ్ళు బాగలేదా?"

"బాగుండాది."

"మరి ఎవరన్నా వస్తే ఏమనుకుంటారు?"

"ఎస్తేరు పండుకొనుండాదనుకుంటారు."

"ఈ ఒక్క పొద్దేనా?"

ఆమె లేవలేదు. పక్కకు ఒత్తిగిలి ఆయన ముఖంలోకి చూసింది.

"నేనింగ రేకుల కింద పండుకోను. ఎండెక్కినాక ఆ పొయ్యి గూడా ముట్టిచ్చను. పొద్దున్నే ఏముంటే అదే తినాల."

ఆయన గడప దాటబోయి ఆగినాడు. ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట.

"వచ్చేదుంటే లోపలికి రాండి, లేదంటే బయటుండండి" అనింది ఎస్తేరు. "తలుపు మాత్రం ఎయ్యండి. ఎండ లోపలికొస్తాండాది."