రండి, లోపలికి రండి

ఫుట్‌బాల్ కామెంటరీ చెప్పే పెద్దాయన టీవీ మానేస్తున్నాడన్న వార్త వచ్చిన రోజు మా లాండ్రీలో మనిషి పోయినంత పనయింది. మాది పెద్దాసుపత్రి లాండ్రీ, భవనం అడుగు అంతస్తులో ఉంటుంది. దుప్పట్లు, గలీబులు, ఆపరేషన్ గౌన్లు రోజంతా వస్తూనే ఉంటాయి. నేను చిరుగులు కుట్టే మిషను మీద, మా ఆయన ఉతికే డ్రమ్ము దగ్గర. బాయిలర్ చూసే అతను స్టూలు మీద కూలబడి నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు.

"నాకు ఊహ తెలిసినప్పట్నించీ ఆ గొంతే వదినా! ఇంక ఫుట్‌బాల్ చూడ్డం దేనికి?"

"మీ నాన్న పోయినప్పుడు ఇంత ఏడ్చావా?" అన్నాను.

"మా నాన్న ఇంత బాగా ఎప్పుడు మాట్లాడాడు?"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకో చెప్తాను. పందొమ్మిదేళ్ల క్రితం మా ఆయన గోల్‌కీపర్. భుజాల దాకా జుట్టు, సన్నటి మనిషి. జనం 'గోడ' అని పిలిచేవారు. కప్పు ఫైనల్లో, ఇంకో రెండు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా, చిన్నపిల్లలు కూడా పట్టగల బంతి ఆయన చేతుల్లోంచి జారి లోపలికి దొర్లింది. కామెంటరీ చెప్తున్న పెద్దాయన ఒక్క క్షణం ఆగి, "అదిగో, తలుపు తీసి పిలుస్తున్నాడండీ! రండి, లోపలికి రండి!" అన్నాడు. అంతే, ఆ మాట ఊరూరా పాకిపోయింది. ఊరికే ఎవడు తీస్తాడు తలుపు, ఎంతో ముట్టి ఉంటుందన్నారు. అమ్ముడుపోయాడన్నారు. మా కిటికీ అద్దాలు పగలగొట్టారు. జట్టులోంచి తీసేశారు. మా మామగారు ఆ అవమానంతో మంచం పట్టి, కొడుకు మొహం చూడనని పంతం పట్టి, చూడకుండానే పోయారు.

అసలు సంగతి, ఫైనల్‌కు రెండు రోజుల ముందు ప్రాక్టీసులో ఆయన కుడిచేతి వేళ్లు రెండు విరిగాయి. ఇంకో కీపర్ లేడు. కోచ్ బతిమాలి బామాలి, ఆ వేళ్లు రెండూ కలిపి పట్టీ చుట్టి, పైన గ్లవ్ తొడిగించి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. తర్వాత ఆ మహానుభావుడు నోరు విప్పలేదు. తాను చెబితే సాకంటారని ఈయనా విప్పలేదు. మిగిలింది ఒక్క ఎక్స్‌రే, బీరువాలో బట్టల అడుగున.

ఊరు మారాం. ఆయన జుట్టు కత్తిరించాడు, ఒళ్లు చేశాడు. మెల్లగా మనిషిని మరిచిపోయారు. మాటను మాత్రం మరవలేదు. లాండ్రీలో సబ్బు డబ్బా జారినా, ఎవరైనా కాలు జారి పడినా, "రండి, లోపలికి రండి!" బాయిలర్ అతనైతే పెద్దాయన గొంతు అచ్చంగా దించేస్తాడు. ఆ మాట ఎవరి మీద పుట్టిందో అక్కడ ఒక్కరికీ తెలియదు. మా ఆయన వంగని ఆ రెండు వేళ్లూ జేబులో పెట్టుకుని వాళ్లతో కలిసి నవ్వుతాడు. నేను మాత్రం ఇంటికి ఎవరొచ్చినా "కూర్చోండి" అంటాను గానీ ఆ మాట అనను.

నాకు కావలసింది ఒక్కటే. 'గోడ అమ్ముడుపోలేదు, ఆ రోజు వేళ్లు విరిగి ఉన్నాయి' అని పెద్దాయన తన నోటితో టీవీలో చెప్పాలి. ఆ నోరు ఇంకో మూడు వారాల్లో మూతపడుతుంది. ఆ తర్వాత ఎవరు మొత్తుకున్నా వినే నాథుడు ఉండడు.

దేవుడు పంపినట్టే, పెద్దాయన గొంతు చూపించుకోవడానికి మా ఆసుపత్రిలోనే చేరాడు. నాలుగో అంతస్తు, ప్రత్యేక గది. తగుదునమ్మా అని నేనే బయల్దేరాను. ఉతికిన కర్టెన్ మడతలో ఎక్స్‌రే పెట్టుకుని, కర్టెన్ మార్చాలని నర్సుకు చెప్పి లోపలికి వెళ్లాను.

మంచం మీద కూర్చుని ఆవిరి పడుతున్నాడు. అన్నేళ్లుగా మమ్మల్ని తిన్న ఆ గొంతు గుసగుసగా మిగిలింది. తిట్టాలని వెళ్లినదాన్ని, చేతులు జోడించాను. అంతా చెప్పాను. ఆయన ఎక్స్‌రే కిటికీ వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"అయ్యయ్యో. నాకు తెలీదమ్మా. ఏదో నోటికొచ్చింది, అనేశాను," అన్నాడు. "ఆఖరి రోజున చెప్తాను. ఇది నా దగ్గర ఉంచు, చూపిస్తాను. ఇప్పుడేం చేస్తున్నాడు?"

నా బుద్ధి గడ్డి తింది. "ఇక్కడే సార్, కింద లాండ్రీలో. డ్రమ్ము దగ్గర ఆయన చేసినంత పని ఇంకెవరూ చేయలేరు," అని గొప్పగా చెప్పాను.

మా ఆయనకు చెప్పలేదు. టీవీలో విని ఆశ్చర్యపోవాలని నా ముచ్చట.

ఆఖరి ఆదివారం మధ్యాహ్నం. సూపర్‌వైజరమ్మ బట్టలు మడిచే బల్ల మీద టీవీ పెట్టించింది. పది మందిమి చుట్టూ చేరాం. మా ఆయన వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మ్యాచ్ అయ్యాక పెద్దాయనకు పూలదండ వేసి, ఆయన మాటల్లో అభిమానులు ఓట్లు వేసిన ఆణిముత్యాలంటూ ఒక్కొక్కటే చూపించారు. మొదటి స్థానం ఏదో నాకు ముందే తెలుసు. బంతి దొర్లింది. పొడుగు జుట్టు మనిషి మోకాళ్ల మీద కూలాడు. స్టూడియో అంతా ఒక్కసారిగా అరిచింది, "రండి, లోపలికి రండి!" బాయిలర్ అతనూ అరిచాడు.

పెద్దాయన చెయ్యెత్తాడు.

"ఈ గోల్‌కీపర్ భార్య మొన్న నన్ను చూడ్డానికొచ్చింది," అన్నాడు. "ఆ రోజు ఆయన వేళ్లు బాగోలేవట. పాపం, ఇన్నేళ్ల తర్వాత సాక్ష్యం కూడా పట్టుకొచ్చింది!"

ఎక్స్‌రే పైకెత్తాడు. పక్కనున్న యాంకరమ్మాయి దాన్ని అందుకుని తలకిందులుగా పట్టుకుని, "ఆలస్యంగా దొరికిన సాకు సార్!" అంది. స్టూడియో విరగబడి నవ్వింది. పెద్దాయన కూడా నవ్వాడు. చెడ్డగా కాదు, ప్రేమగానే నవ్వాడు. అదే నన్ను చంపింది.

"ఇప్పుడు పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతున్నాడట. బాబూ గోడా, నీ దయ వల్లే నాకు ఈ మాట దొరికింది. చల్లగా ఉండు!"

లాండ్రీలో ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. మా ఆయన టీవీ వంక చూడడం లేదు. నా వంక చూస్తున్నాడు.

"అన్నా... నువ్వా?" అన్నాడు బాయిలర్ అతను. అతని మొహం వెలిగిపోయింది. పరుగున వచ్చి కావలించుకున్నాడు. "ఇన్నాళ్లూ మా పక్కనే ఉండి చెప్పలేదేం అన్నా!" తర్వాత గొంతు తగ్గించి, ఎంతో ఆప్యాయంగా అడిగాడు. "అయిపోయిన సంగతేగా, ఇప్పుడైనా చెప్పు. ఎంతిచ్చారు?"

"ఛీ! నోరు ముయ్యి!" అని అరిచాను. నా అరుపు ఎవరికీ పట్టలేదు. ఫోన్లు బయటికొచ్చాయి. అరగంటలో పైనుంచి వార్డుబాయ్‌లు, రోగుల తాలూకు మనుషులు మెట్లు దిగి వచ్చారు. ఒక్కసారి ఆ మాట అనమన్నారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. సూపర్‌వైజరమ్మ కూడా, "అనేస్తే పోతారు కదయ్యా, పని ఆగిపోయింది," అంది. అప్పుడాయన డ్రమ్ము తలుపు తెరిచి పట్టుకుని, ఆ రెండు వేళ్లూ నిటారుగా నిలబడి ఉండగా, కెమెరాల వైపు తిరిగి అన్నాడు. చప్పట్లు కొట్టారు. మళ్లీ అనమన్నారు. మళ్లీ అన్నాడు.

నా షిఫ్టు ముందే అయిపోతుంది. ఇంటికొచ్చి దీపం కూడా వేయకుండా కూర్చున్నాను. రెండు గంటల తర్వాత తలుపు చప్పుడైంది. తీశాను. చెప్పులు విడిచి, గడప అవతలే నిలబడ్డాడు.

"పరువు నిలబెడదామనుకున్నానండీ," అన్నాను.

"జనం మరిచిపోయారే," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. కోప్పడినా బాగుండేది. "పందొమ్మిదేళ్లు పట్టింది, నా మొహం మరిచిపోవడానికి."

ఏడుపు ఆగలేదు నాకు. పక్కింటివాళ్లు కిటికీలోంచి చూస్తున్నారు, వాళ్ల చేతిలోనూ ఫోను. ఆయన కదలడం లేదు. నేను పిలవాలి.

"లోప..." అన్నాను. మిగతాది నోట్లోంచి రాలేదు.

ఆయన కాసేపు చూసి, అక్కడే గుమ్మం బయట కూర్చున్నాడు.