తడిసిన డోలు

మారేడుమిల్లి బస్సులో జానకిరామ్ మాస్టారు డోలుని ఒళ్ళో పెట్టుకుని, దానిమీద పాత చీరల బొంత కప్పి కూర్చున్నారు. బొంత ఆయన భార్య కుట్టింది. ఆవిడ పోయి మూడేళ్ళు.

"డోలుగారికి అర టికెట్టు కొట్టమంటారా?" అన్నాడు కండక్టరు. అంటూనే ఆయన్ని కారుతున్న కిటికీ పక్కనుంచి లేపి, తన సీటిచ్చాడు.

డోలు ఆలస్యమవడం మాస్టారి తప్పే. కొండరెడ్ల పాటలు క్యాసెట్టులో ఎక్కించి, సోమవారానికల్లా డోలు తెచ్చిస్తానని ఊరిపెద్ద బుల్లియ్యకి మాటిచ్చి రాజమండ్రి తీసుకెళ్ళారు. రికార్డింగు సరిగ్గా రాలేదని ఇంకో మూడు రోజులు ఉంచేశారు. ఆ ఊళ్ళో భూమి పండక్కి డోలు మోగి, ఆడవాళ్ళు ఆడేదాకా ఒక్క గింజ నేలన పడదు. పెద్ద వానలకు ముందే మొలక వేరు పట్టకపోతే, కొండ వాలున చల్లిందంతా కొట్టుకుపోతుంది. ఆ సంగతి ఆయనకి నిన్నే, కబురొచ్చాక తెలిసింది.

బస్సు దిగి మూడు మైళ్ళు నడిచారు. కొండమీద మబ్బు నల్లగా దిగుతోంది.

పొలం గట్టున ఆడవాళ్ళు నడుముల చుట్టూ చేతులు పెనవేసుకుని వరసగా నిలబడి ఉన్నారు. పక్కనే సామ విత్తనాల బుట్టలు.

"మా డోలుకి పట్నంలో ఉద్యోగమొచ్చిందనుకున్నాం బాబూ," అంది ముసలి పాపాయి. ఎవరూ నవ్వలేదు.

బుల్లియ్య బొంత తీసి ఓ దెబ్బ వేశాడు. తడి గోనెని కొట్టినట్టు చప్పగా పలికింది.

"చెమ్మ పట్టిందండి." బుల్లియ్య గడ్డి మంట వేసి, డోలు ఆయన చేతుల్లోనే పెట్టాడు. "తిప్పుతా ఉండండి. ఆపితే తోలు మాడిపోద్ది. ఇంకో డోలు లేదు మాకు."

ఆయన తిప్పారు. ముంజేతులు కాలుతున్నా తిప్పారు. బుల్లియ్య మధ్యమధ్య వేలితో తట్టి చూసి, తల అడ్డంగా ఊపుతున్నాడు. ఒక చినుకు మంటలో పడి చుయ్యిమంది. ఇంకోటి ఆయన కళ్ళద్దాలమీద పడింది. పాపాయి వచ్చి ఆ బొంతనే మంటకీ ఆయనకీ పైన గొడుగులా పట్టుకుంది.

బుల్లియ్య మళ్ళీ తట్టాడు. ఈసారి తల ఊపలేదు. డోలు అందుకుని మెడకి తగిలించుకున్నాడు.

మొదటి దెబ్బకి వరస కదిలింది. ఆడవాళ్ళు మడమలు నేలకేసి కొడుతూ పొలంలోకి దిగారు. వెనకాలే బుట్టలు దిగాయి.

మాస్టారి చేతులు ఇంకా మంటమీద, లేని డోలుని తిప్పుతూనే ఉన్నాయి.

"చాలు, కూచో బాబూ," అంది పాపాయి.