గొంతు మీద రెండు వేళ్ళు

పరశురాములు "రండి" అని పిలిస్తే జగిత్యాల బస్టాండులో కదిలిన బస్సు కూడా ఒకసారి ఆగి వెనక్కి చూసేది. ఇందులో కల్పన ఒక పిసరే, మిగతాదంతా నిజం. ఆ సంగతి బట్టల బజారంతటికీ తెలుసు. తెలియని మనిషి ఒక్కడే, పరశురాములు.

అందులో అతని తప్పేమీ లేదు. మీసం మొలవకముందే సిరిసిల్లలో సాంచెల మధ్య నిలబడ్డవాడు. సాంచె అంటే కరెంటుతో నడిచే మగ్గం. ఒక్కటి నడిస్తే గోడ మీది పటాలు ఊగుతాయి. రేకుల షెడ్డులో వరసగా నడిస్తే, యముడొచ్చి పేరు పెట్టి పిలిచినా వినపడక, ఆయనే విసిగి పక్కింటికి పోతాడు. అక్కడ పక్కవాడిని అగ్గిపెట్టె అడగాలన్నా గుండెల్లో ఉన్న ఊపిరంతా ఖర్చు పెట్టాలి. అలా ఏళ్ళ తరబడి అరిచీ అరిచీ పరశురాములు చెవులు సగం మూతబడ్డాయి, గొంతు రెండింతలు తెరుచుకుంది. తన మాట తనకు మాత్రం సన్నగానే వినపడేది. తను మెతక మనిషినని, నోట్లో మాట పైకి రాదని అతని నమ్మకం.

ఆర్డర్లు తగ్గి షెడ్డు ఆసామి సగం సాంచెలు బంద్ పెట్టాక, భార్య స్వప్న పుట్టినూరు కోరుట్లకు మకాం మార్చాడు. ఆమె ఇంట్లో బీడీలు చుట్టేది. అతను రోజూ బస్సెక్కి జగిత్యాలలో బాలలక్ష్మి అనే ఆవిడ నడిపే బట్టల దుకాణంలో పనికి వెళ్ళేవాడు. చీరల కౌంటరు ఇచ్చారు. ఇన్నేళ్ళూ నేసి పంపిన గుడ్డను ఎవరు కట్టుకుంటారో చూడని మనిషికి, కట్టుకునేవాళ్ళే ఎదురుగా వచ్చి కూర్చుంటారంటే పండగలా అనిపించింది.

కానీ ఎవరూ కూర్చోవడం లేదు. ఒకావిడ వచ్చి ఎర్రచీర మీద చెయ్యి వేస్తుంది. అతను ఆప్యాయంగా ముందుకు వంగి, "గదే తీస్కోండ్రి అక్కా, మీకు మస్తుంటది" అంటాడు. ఆవిడ చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కుంటుంది.

"వద్దన్నా, ఊకె చూసిన" అని, చెప్పులు సగమే తొడుక్కుని మెట్లు దిగుతుంది. ఒకామె అయితే తన సంచీ కూడా వదిలేసి పోయింది. మర్నాడు దాన్ని తీసుకుపోవడానికి మొగుణ్ణీ, ఇద్దరు మరుదుల్నీ వెంటబెట్టుకొచ్చింది.

పరశురాములుకు గుబులు పట్టుకుంది. నాలో ఏం తప్పుంది? మీసం చూసి జడుస్తున్నారేమో అని తీసేశాడు. ఒంట్లో ఇంకా మిషను నూనె వాసన ఉందేమో అని సబ్బు బిళ్ళ కరిగేదాకా రుద్దుకున్నాడు. ఒకావిడ "గంత కోపమెందుకన్నా" అన్నదని, నవ్వు చాలడం లేదేమో అనుకుని అద్దం ముందు నవ్వడం నేర్చుకున్నాడు. దాంతో ఉన్నది కూడా చెడింది. అరుస్తూ నవ్వే మనిషిని చూసి పిల్లలు తల్లుల కొంగుల్లో దూరారు.

సోమవారం సాయంత్రం బాలలక్ష్మి పిలిచింది. చీర మడత పెడుతూ, అతని ముఖం చూడకుండా చెప్పింది.

"నీ కౌంటర్ కాడ మంది నిలుస్తలేరు, పరశురాములూ. ముహూర్తాలు మొదలైనయి. రేపు ఎట్లాగూ దుకాణం బంద్. బుధవారం ఒక్క రోజు చూస్త. గారోజు గూడ గిట్లనే అయితే వేరే మనిషిని చూసుకునుడు తప్పదు నాకు."

"నేనేం తప్పు చేసిన్నక్కా?"

అతని లెక్కలో అది గొణుగుడు. బాలలక్ష్మి ఒక అడుగు వెనక్కి వేసింది. పై అరలోంచి తువాళ్ళ కట్ట తనంతట తానే దూకింది.

"ఏం లేదు, పో ఇగ" అందామె, తువాళ్ళు ఏరుకుంటూ.

బస్సులో కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇల్లు చేరేసరికి స్వప్న వాకిట్లోనే ఎదురొచ్చింది, ముఖం వెలిగిపోతోంది.

"మన గల్లీల భూమన్న లేడా, దుబాయి నుంచి అచ్చిండు. బిడ్డ పెండ్లి బట్టలకు మీ దుకాణానికే పొమ్మన్న. మా ఆయన ఉన్నడు, దగ్గరుండి చూపిస్తడని చెప్పిన. బుధవారం వస్తరట, ఇంటిల్లిపాది!"

ఆ రాత్రి పరశురాములుకు ముద్ద దిగలేదు. పని ఒక్కటే పోతే ఎలాగో ఓర్చుకునేవాడు. ఇప్పుడు స్వప్న గల్లీ ముందు ఇచ్చిన మాట కూడా దాంతో పాటే పోతుంది.

మంగళవారం పొద్దున్నే వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్ళాడు. దోస్తును చూసొస్తానని స్వప్నకు చెప్పాడు గానీ, వెళ్ళింది పాత పని అడగడానికి. షెడ్డులో అడుగు పెట్టగానే ఆ మోత వచ్చి మీద పడింది. చాలా రోజులకు గుండె కాస్త కుదుటపడింది. పాత జోడీ మహిపాల్ సాంచె దగ్గరే ఉన్నాడు. వయసులో పెద్దవాడు, తమ్ముడిలా చూసేవాడు. పరశురాములు అతని భుజం మీద చెయ్యి వేసి, చెవికి నోరు ఆనించి రహస్యం మొదలుపెట్టాడు.

"మహిపాలన్నా, నీకొక్కనికే చెప్తున్న..."

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

సాంచెలన్నీ ఒక్కసారి ఆగాయి. షెడ్డులో, వీధిలో, ఆ పేటంతా చీమ నడిచినా వినిపించేంత నిశ్శబ్దం. పరశురాములు నోరు మాత్రం ఆగలేదు. దానికి ఆ సంగతి ఇంకా అందలేదు.

"...నన్ను పనిలకెల్లి తీసేస్తరని భయమైతున్నదే! బస్సుల ఏడుస్తున్ననే! స్వప్నకు తెల్వది! ఎవ్వలకు చెప్పకే!"

ఆ మాట రేకులకు తగిలి, వీధిలోకి దూకి, ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో గ్లాసుల్ని గలగలలాడించింది. చాయ్ పోస్తున్నవాడు పోస్తూనే ఉండిపోయాడు, గ్లాసు నిండి బల్ల తడిసింది. మేస్తున్న మేక తలెత్తింది. హోటల్లోంచి ఎవరో ధైర్యం చెబుతున్నట్టు కేకేశారు.

"చెప్పంలే అన్నా! ఎవ్వలకు చెప్పం, నువ్వు ఏడ్వకు!"

పరశురాములు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నేను... చెవులనే కదా చెప్పిన?"

"చెవులనే చెప్పినవ్ తమ్మీ" అన్నాడు మహిపాల్, చెవి రుద్దుకుంటూ. "ఊరందరి చెవులల్ల. నువ్వు దుకాణంల గూడ గిట్లనే మాట్లాడుతవా?"

పరశురాములుకు ఒకామె వదిలేసి పోయిన సంచీ గుర్తొచ్చింది. కొంగుల్లో దూరిన పిల్లలు, కిందపడ్డ తువాళ్ళ కట్ట, చూపు తిప్పుకున్న బాలలక్ష్మి, ఒక్కొక్కరే వచ్చి కళ్ళ ముందు నిలబడ్డారు. వాళ్ళందరికీ ఎదురుగా నిలబడి అరుస్తున్న మనిషిని అతను మొదటిసారి చూశాడు. ఇన్నేళ్ళు తనలో ఉన్నది వాడే, తను చూడనిది వాడినే. అన్నిటికంటే అదే భయపెట్టింది.

"నా గొంతు నాకు ఇనబడదన్నా. ఒర్రుతున్ననో, మెల్లగ మాట్లాడుతున్ననో ఎట్ల తెల్వాలె?"

"గదైతే నాకేం తెలుసు" అన్నాడు మహిపాల్.

కరెంటు వచ్చింది. సాంచెలు లేచాయి. పరశురాములు పాత అలవాటు కొద్దీ పక్కనున్న సాంచె చట్రం మీద అరచెయ్యి ఆనించాడు. ఆ మోతలో చెవులు పనికిరావు కాబట్టి, సాంచె బాగుందో లేదో నేతగాళ్ళంతా చేత్తోనే కనుక్కుంటారు. మంచిగా నడిస్తే ఒక రకం అదురు, తేడా వస్తే మరో రకం. ఆ చెయ్యి అలాగే ఉంచి కాసేపు నిలబడ్డాడు. తర్వాత రెండు వేళ్ళు తీసి తన గొంతు మీద పెట్టుకున్నాడు.

"మహిపాలన్నా" అన్నాడు. వేళ్ళ కింద సాంచె అదిరినట్టే అదిరింది. ఇంకోసారి అన్నాడు, అదురు తగ్గించి. ఇంకోసారి. మహిపాల్ వైపు అనుమానంగా చూస్తూ, గొంతు పిచ్చుక కదిలినంత మాత్రమే కదిలేలా ఇంకోసారి.

"ఏం మాట్లాడుతున్నవ్? ఇనబడ్తలేదు!" అని అరిచాడు మహిపాల్.

పాత పని సంగతి ఎత్తకుండానే పరశురాములు తిరుగు బస్సెక్కాడు.

సాయంత్రం బీడీల చాట ముందు కూర్చున్న స్వప్నతో, గొంతు మీద వేళ్ళుంచి, "చాయ్ పెడతవా?" అన్నాడు.

ఆమె చాట పక్కన పెట్టి లేచింది. "ఏమైంది? పానం బాగలేదా? గొంతు పట్టిందా?"

"నేను ఒర్రుతనా స్వప్నా? ఎప్పటిసంది?"

స్వప్న మళ్ళీ చాట ముందు కూర్చుంది. "పెండ్లైన కొత్తల కోపమనుకున్న. అమ్మోళ్ళింట్ల అందరు అట్లనే అనుకున్నరు. అటెన్క అలవాటైంది."

"చెప్పకపోతివి?"

"చెప్తె మల్ల ఒర్రుతవని."

అతని వేళ్ళు గొంతు మీదే ఉండిపోయాయి.

బుధవారం దుకాణం తెరవగానే బాలలక్ష్మి దగ్గరికి వెళ్ళి, పోలీసుల ముందు లొంగిపోయినట్టు చెప్పేశాడు. "అక్కా, నేను ఒర్రుతున్న. నాకే తెల్వలేదు. ఇయ్యాల చెయ్యి గీడ గొంతు మీద పెట్టుకుని మాట్లాడుత. అయినా దాటితె నువ్వు చెయ్యెత్తు, చాలు."

బాలలక్ష్మి కళ్ళు పెద్దవి చేసింది. "నాతోటి పగనేమో అనుకున్న పరశురాములూ! నిన్ను పిలిచి చెప్పాలంటె నాకే కాళ్ళు వణికినయి."

పదకొండింటికి భూమన్న కుటుంబం దిగింది. భూమన్న, భార్య, పెళ్ళిపిల్ల, అందరికంటే ముందు కర్ర ఊపుకుంటూ భూమన్న తల్లి కిష్టవ్వ. పరశురాములు రెండు వేళ్ళు గొంతు మీద పెట్టి, "రండి, కూసోండ్రి" అన్నాడు. వాళ్ళు కూర్చున్నారు. నిజంగానే కూర్చున్నారు! ఒక చేత్తోనే చీరలు తీశాడు, ఒక చేత్తోనే పరిచాడు. మాట మాటకూ బాలలక్ష్మి చెయ్యి లేస్తుందేమో అని దొంగచూపులు చూశాడు.

"గొంతు నొస్తుందా తమ్మీ?" అని భూమన్న జాలిపడ్డాడు.

పిల్ల గులాబీ రంగు పట్టుచీర పట్టుకుని వదలడం లేదు. అంతా కుదిరిందనుకునేలోపు కిష్టవ్వ కర్ర నేలకేసి కొట్టింది.

"ఆగుండ్రి! గిది కట్టుకుంటె జారుతదా, నిలుస్తదా? అది చెప్పక బేరమేంది?"

"నిలుస్తదవ్వా" అన్నాడు పరశురాములు.

"ఆఁ?"

"నిలుస్తదంటుండే!" అన్నాడు భూమన్న, నలుగురిలో తల్లి మీద గొంతెత్తడానికి మొహమాటపడుతూ.

"ఏందిరా, గీడ అందరు పెదాలు ఆడిస్తున్నరు? నన్ను ఎర్రిదాన్ని చేస్తున్నరా? లేవుండ్రి, కోరుట్లల కొనుక్కుందాం!" ముసలామె లేచి నిలబడింది. వెనకే కోడలు లేచింది. పిల్ల చేతిలోంచి చీర జారింది.

పరశురాములు బాలలక్ష్మి వైపు చూశాడు. ఆమెకూ ఏం తోచలేదు. వేళ్ళ కింద గొంతు కొట్టుకుంటోంది. దాన్ని వదిలితే ఏం జరుగుతుందో ఇప్పుడు అతనికి బాగా తెలుసు. తెలిసే, మెల్లగా వేళ్ళు తీశాడు. పెళ్ళిపిల్లను చెవులు మూసుకోమని సైగ చేసి, కిష్టవ్వ చెవి దగ్గరికి వంగాడు.

"జారదవ్వా! నిలుస్తది!"

ఊరి అవతల జగిత్యాల ఖిల్లా గోడల మీది పావురాలన్నీ లేచిపోయాయి. దుకాణం ముందు అద్దాల వెనక చీర కట్టి నిలబెట్టిన బొమ్మ తల వెనక్కి తిరిగింది. బస్టాండులో ఏమైందో చెప్పక్కర్లేదు. దుకాణంలో మనుషులంతా ఊపిరి బిగబట్టారు.

కిష్టవ్వ ముఖం విచ్చుకుంది. తిరిగి కూర్చుంది.

"గిట్ల చెప్పాలె. ఎంత నిమ్మలంగ మాట్లాడుతడు పిల్లగాడు! నేర్సుకోండ్రి మీరందరు."

పరశురాములు వేళ్ళు మళ్ళీ గొంతు మీదికి చేరాయి. మిగతా చీరలన్నీ రెండో చేత్తోనే, ఆ భయంతోనే చూపించాడు. పెళ్ళి బట్టలన్నీ వాళ్ళు అక్కడే కొన్నారు.

సాయంత్రం అతను దుకాణం ఊడుస్తుండగా బాలలక్ష్మి వచ్చి, ఈసారి ముఖంలోకి చూసి చెప్పింది. "రేపటిసంది చీరల కౌంటర్ నీదే. ముసలోళ్ళొస్తె గూడ నిన్నే పిలుస్త."

"సరే అక్కా!" అన్నాడు పరశురాములు, సంతోషంలో వేళ్ళ సంగతి మరిచిపోయి.

బాలలక్ష్మి చెయ్యెత్తింది. రోడ్డు అవతలి చాయ్ బండి దగ్గర నుంచి ఎవరో, "ఏందన్నా, నన్నే పిలిచినవా?" అని అడిగారు.

పరశురాములు చీపురు కిందపెట్టి, రెండు వేళ్ళు గొంతు మీద ఆనించి, అదురు సరిచూసుకుని, మళ్ళీ చెప్పాడు.

"సరే అక్కా."