శివలింగపురంలో ఆగిన ఆదివారం

పోర్టులో నా నోటికి ఒక పేరుంది. రేకు ఆలస్యమైతే డేవిడ్ రాజు ఫోన్ తీస్తాడు, తీస్తే అవతలివాడి చెవుల తుప్పు వదులుతుంది అంటారు. అబద్ధమేమీ కాదు. నాది వ్యాగన్ టిప్లర్ దగ్గర ఫోర్‌మన్ ఉద్యోగం. కొండల అవతల గనుల్లో ఇనుపరాయి నింపుకుని గూడ్సు బండి మా దగ్గరికి వస్తుంది. ఆ బండినే మేం రేకు అంటాం. మా యంత్రం ఒక్కొక్క వ్యాగన్నీ ఒడిసిపట్టి గిన్నె బోర్లించినట్టు బోర్లిస్తుంది. రాయి కింద గోతిలో పడి, బెల్టు మీదికెక్కి, ఓడలోకి పోతుంది. రేకు రాకపోతే టిప్లర్ ఆగుతుంది, టిప్లర్ ఆగితే ఓడ ఆగుతుంది, ఓడ ఆగితే అందరూ నా మొహం చూస్తారు. మెత్తగా మాట్లాడితే ఈ పని నడవదు.

ఆ రేకులన్నీ అరకు మీదుగానే దిగుతాయి. మా ఆవిడ ఎవాంజలిన్‌కి ఈ సంగతి పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది. అప్పట్నుంచి నేను డ్యూటీ దిగి ఇంటికొస్తే మొదటి ప్రశ్న ఒకటే. "ఏటండీ, ఈరోజు వ్యాగన్లు తడిసొచ్చాయా?" తడిసొస్తే అరకులో వాన పడినట్టు. విశాఖపట్నంలో ఎండ పేలిపోతున్నా సరే, ఆ పూట ఆమె మొహం చల్లబడేది. పొడిగా వచ్చాయని చెబితే, పాపం అక్కడి చేలు ఎలా ఉన్నాయో అని తనేదో ఆ చేలు దున్నుకునే మనిషిలా బెంగపడేది. నేను నవ్వేవాణ్ణి.

ఏటా క్రిస్మస్ మర్నాడు అరకుకి మా ప్రయాణం. గులాబీ పువ్వుల డబ్బా, కేకు ముక్కలు, ఏడాదికి మూడు రోజులు మాత్రమే ఒంటి మీదికొచ్చే స్వెటర్లు సంచిలో సర్దుకుని పొద్దున్నే పాసింజరెక్కేవాళ్ళం. అక్కడ ఎప్పుడూ ఒకటే గది. గది చూసుకునే జోగమ్మ కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచి ఇచ్చేది. ఆ నీళ్ళకి పొగ వాసన వేసేది. ఆ వాసన జుట్టుకి అంటుకుని ఉండాలని ఎవాంజలిన్ ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు తలస్నానం చేసేది కాదు. మా అమ్మాయి స్టెఫీ కడుపులో ఉన్న ఏడు కూడా మానలేదు. గది వెనక వలిసె చేను ఉండేది. మేం వెళ్ళేసరికి పువ్వు సగం రాలిపోయి ఉండేది. "నవంబర్లో రావాలండీ, కొండంతా పసుపు రాసినట్టుంటాదట," అనేది ప్రతిసారీ. నవంబర్లో నాకు సెలవు దొరికేది కాదు. దొరికేది కాదు అనడం కూడా అబద్ధమే, గట్టిగా అడిగింది ఎప్పుడు? వచ్చే ఏడు చూద్దాంలే అనేవాణ్ణి. ఇరవై ఐదేళ్ళు అలా అన్నాను.

ఐదేళ్ళ కిందట ఆమె కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. రోజుకి లీటరు నీళ్ళకి మించి తాగకూడదు. మొన్న జులైలో స్టెఫీ మధురవాడ నుంచి కారు తెచ్చి అమ్మని అరకు తీసుకెళ్తానంది. ఘాటు రోడ్డులో రెండో మలుపు దగ్గరే వాంతులై, బీపీ పడిపోయి, మనిషి చేతుల్లో వాలిపోయింది. అంబులెన్సులో సైరన్ వేసుకుని వెనక్కి తెచ్చాం. ఆ తర్వాత ఇంట్లో అరకు మాట ఎవరం ఎత్తలేదు. వ్యాగన్లు తడిసొచ్చాయా అని మాత్రం అడిగేది.

ఈ నవంబరులో డాక్టరు నన్ను పక్కకి పిలిచాడు. చేతికి సూది గుచ్చే నరం మూసుకుపోతోంది, సోమవారం చేర్చుకుని మెడలో గొట్టం పెడతాం అన్నాడు. గుండె కూడా బలహీనపడిందట. ఇక ప్రయాణాల మాట మరిచిపొమ్మన్నాడు. ఆదివారం ఒక్కరోజు రైల్లో అరకు వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాం సార్ అని బతిమాలాను. ఆయన చాలాసేపు కాగితాలు తిరగేసి, "రైల్లో అయితే వెళ్ళండి, ఈ ఒక్కసారే," అన్నాడు.

ఎవాంజలిన్‌కి చెబితే ముందు నమ్మలేదు. నమ్మాక వేరే గుబులు పట్టుకుంది. ఆదివారం మందిరం మానాలి కదా. సండే స్కూలు పిల్లలకి ఇరవై ఆరేళ్ళుగా పాటలు నేర్పుతున్న మనిషి, డయాలసిస్ మొదలయ్యాక కూడా ఒక్క ఆదివారం మానలేదు. పాస్టరు బెన్సన్ గారిని అడిగి వచ్చేదాకా ఊరుకోలేదు. ఆయన మంచివాడు. "దేవుడు కొండ మీద కూడా ఉంటాడమ్మా, ఎల్లి రండి," అన్నాడు.

మా సూపరింటెండెంటు దుర్గారావు గారు కూడా కాదనలేదు. "ఎల్లండి డేవిడ్ రాజు గారూ. ఓడ మాత్రం సగం కడుపుతో నిలబడుంది. ఆదివారానికి రేకులు లైన్లో పెట్టీసి మరీ ఎల్లండి," అన్నారు. అదెంత పని అనుకున్నాను. శనివారం మధ్యాహ్నం రైళ్ళ కంట్రోలు ఆఫీసులో ఉండే వీర్రాజుకి ఫోన్ కొట్టాను.

"బావా, కొండ మీద ఎన్ని బళ్ళున్నాయి?"

"ఆరున్నాయి బావా. ఒకటొకటే దింపుతాం."

"ఒకటొకటీ ఏటి? రాత్రికే అన్నీ వరసన తోలీ. రేపు నాను అరకు ఎల్తన్నాను. ఓడ ఆగిందని నాకు ఫోన్ రాకూడదు."

"అన్నీ ఒక్కసారే తోలితే దార్లో టేసన్లన్నీ నిండిపోతాయి బావా. అసలే వానలు. ఎక్కడో సిన్న రాయి పడ్డాదనుకో, కదలడానికి సోటుండదు."

"రాయీ లేదు రప్పా లేదు. పని సేతకాక కబుర్లు సెప్తన్నావ్."

"సరే బావా, నీ ఇష్టం," అని వీర్రాజు ఫోన్ పెట్టేశాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నా మాట ఇంత తొందరగా నెగ్గడం చూసి ఆ పూట నాకు గర్వంగా కూడా అనిపించింది.

ఆదివారం పొద్దున్న రైలు టైముకే కదిలింది. ఎవాంజలిన్ కిటికీ పక్కన కూర్చుంది. కొత్తవలస కూడా దాటకుండానే స్వెటరు వేసుకుంది. చెమట కారుతున్నా తియ్యలేదు. "పైకెల్లాక సలేస్తాది కదా," అంది. "పైకెల్లాక వేసుకోవచ్చు కదే," అన్నాను. వినలేదు. ఆ రోజుకి అర లీటరు సీసా ఇచ్చాను. సీసా మూతలో పోసుకుని చప్పరిస్తోంది. ఈసారి చేను నిండా పువ్వుంటుందని, జోగమ్మ తనని గుర్తుపడుతుందో లేదోనని, మొహం ఉబ్బిపోయింది కదా అని, ఒకటే కబుర్లు. ఏడాదిలో మాట్లాడనన్ని మాటలు ఆ రెండు గంటల్లో మాట్లాడింది.

శివలింగపురంలో బండి ఆగింది. కొండ ఎక్కేముందు కింద ఉండే స్టేషను అది. పది నిమిషాల్లో కదలాల్సింది అరగంటైనా కదల్లేదు. నేను దిగి స్టేషను మాస్టరు గదికి వెళ్ళాను. బల్ల మీద నీలకంఠం అని పేరు చెక్క ఉంది. నా అలవాటు కొద్దీ గొంతు పెద్దది చేశాను. పేషెంటుతో వచ్చాం, ఎంతసేపని ఆపుతారని కేకలేశాను.

ఆయన కోప్పడలేదు. "ఏటి సెయ్యమంటారండీ, పైన రాయి పడ్డాది," అన్నాడు. "సిన్న రాయే, తీసీసారు. గానీ పై టేసన్లన్నిట్లోనూ లోడు బళ్ళు బిగిసి కూసున్నాయి. ఆరు. ఒకటే లైను. అవి కిందకి దిగితేగానీ మన బండి ఎక్కడానికి దారి లేదు. ఒక్క టేసను కాళీగా ఉన్నా మిమ్మల్ని ఈపాటికే పంపీసును. ఎవరో పోర్టోళ్ళు నిన్న పట్టుపట్టి అన్నీ ఒక్కసారే తోలించీసారంట."

ఆయన ఇంకేదో చెబుతుండగానే బయటికొచ్చి ప్లాట్‌ఫారం చివరికి నడిచి వీర్రాజుకి ఫోన్ చేశాను. బావా, ఎలాగోలా మా బండిని ముందు పంపు అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఎక్కడికి పంపను బావా?" అన్నాడు వాడు. "ఎదర బండి దిగాలి కదా. నిన్న సెప్పాను కదా నీకు." వాడు నన్ను దెప్పలేదు. దెప్పినా బాగుండేది. "సెల్లెమ్మ ఎలగుంది?" అని అడిగాడు. ఫోన్ పెట్టేశాను.

పది దాటాక మొదటి రేకు దిగింది. మూడు ఇంజన్లు, వెనక ఎర్రగా తడిసిన ఇనుపరాయి. ఎవాంజలిన్ కిటికీ ఊచలు పట్టుకుని చూసింది. "ఇవన్నీ మీ కాడికేనా?" అంది.

"ఊఁ."

"తడిసున్నాయి సూడండి. పైన మంచి వాన పడ్డాదన్నమాట." ఆమె మొహం వెలిగింది. అంత దగ్గర్నుంచి ఆమె ఆ వ్యాగన్లని చూడటం అదే మొదలు. ఒక్కొక్కటీ పోతుంటే లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. నేను తల దించుకున్నాను.

ముప్పావు గంటకి రెండోది. ఇంకో గంటకి మూడోది. ఎండ ముదిరింది. ఆమె పాదాలు పొంగడం మొదలుపెట్టాయి. స్వెటరు తీసి ఒళ్ళో పెట్టుకుంది. బండిలో జనం ఒక్కొక్కళ్ళే దిగి జీపులు మాట్లాడుకుంటున్నారు. ఎదురు సీటులో సబ్బవరం నుంచి వచ్చిన కుటుంబం ఒకటి, "జీపులో రెండు సీట్లున్నాయి, వస్తారా?" అని అడిగింది. ఎవాంజలిన్ నా వైపు తిరిగింది.

"ఘాటు రోడ్డు," అన్నాను.

"కళ్ళు మూసుకుని కూసుంటానండీ. పలకనైనా పలకను."

"జులైలో ఏమైందో మర్చిపోయావా?"

"ఏమైతే అదే అవుతాది."

ఒప్పుకోలేకపోయాను. ఒప్పుకుంటే రెండో మలుపు దగ్గర ఆమె నా చేతుల్లోనే పోవచ్చు. ఒప్పుకోకపోతే కొండ కిందే కూర్చోవాలి. ఏది చేసినా నా చేతులతో నేను చేసినదే. ఆ జీపు వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ అడగలేదు.

రెండింటికి నాలుగో రేకు దిగింది. పైన ఇంకా రెండున్నాయి. నీలకంఠం గారు ప్లాట్‌ఫారం మీదకొచ్చి, టైము మించిపోయింది కాబట్టి ఈ బండి ఇక్కడ్నుంచే వెనక్కి పోతుందని చెప్పి, మా కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగి వెళ్ళిపోయారు.

ఎవాంజలిన్ దిగుతానంది. చెయ్యి పట్టుకుని దింపాను. ప్లాట్‌ఫారం మీద నిలబడి తల ఎత్తి చూసింది. పచ్చటి కొండ, దాని మీద మబ్బు. అక్కడ్నుంచి అరకు కనిపించదు, వలిసె పువ్వు అసలే కనిపించదు. అయినా ఐదు నిమిషాలు అలాగే చూసింది. నాకు ఏడుపొచ్చింది. పక్కకి తిరిగి ముక్కు చీదాను.

"నాదే తప్పండీ," అంది.

"ఏది?"

"ఆదివారం పూట మందిరం మాని వచ్చాను. పాస్టరు గారు మొహమాటానికి సరే అనుంటారు. ఆ దేవుడికి ఇష్టం లేదు. అందుకే రాయి పడ్డాది."

"అది కాదే..." అన్నాను. నిజంగానే చెబుదామనుకున్నాను. శనివారం మధ్యాహ్నం ఫోన్లో నేనన్న ప్రతి మాటా నాలుక చివర ఉంది.

"ఊరుకోండి. మీరేటి సేస్తారు? నాకోసం సెలవు పెట్టారు, రేకులు సర్దుకున్నారు, పాపం రోజంతా ఎండలో కూసున్నారు. నా కోరికే నా కొంప ముంచింది." నా చొక్కా కాలరు సర్ది, బండెక్కింది. నా వెధవ నోరు, ఊరందరి మీదా లేచే నోరు, అప్పుడు లేవలేదు. తప్పు దేవుడి మీదికి పోయింది కదా, ఉండనీలే అనుకున్నాను. పిరికితనానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

వచ్చేదారిలో ఆమె నిద్రపోయింది. ఇంటికి చేరేసరికి ఆరయింది. ఆమె కాళ్ళు వేడి నీళ్ళలో పెట్టుకుని కూర్చుని ఉండగా దుర్గారావు గారు ఫోన్ చేశారు. "నాలుగు రేకులు వచ్చీసాయండి, ఓడకి ఢోకా లేదు. భలే సర్దారు," అన్నారు. ఆ గొంతు ఆమెకీ వినపడింది.

"ఓడ నిండుతాదా?" అని అడిగింది.

"నిండుతుంది."

"పోనీలెండి, అదైనా అయ్యింది."

ఏడింటికి మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. ఇద్దరమే ఉన్నా సరే, ఒకరు ప్రార్థన చేస్తే రెండోవారు చివర ఆమేన్ అనాలి. అనకపోతే ఆ ప్రార్థన ముడి వెయ్యని మూట అని సండే స్కూల్లో పిల్లలకి చెబుతుంది ఆమె. ఆ రోజు వంతు ఆమెది. మంచం మీదే ముసుగు వేసుకుని, కళ్ళు మూసుకుంది. నీ దినాన్ని మరిచి నా సరదా చూసుకున్నాను తండ్రీ, నన్ను క్షమించు అంది. రేపు డాక్టర్ల చేతులు వణకకుండా చూడమంది. స్టెఫీని, బెన్సన్ గారిని, స్టేషనులో ఆ మాస్టరు గారిని చల్లగా చూడమంది. నా పేరు వచ్చేసరికి ఆమె గొంతు ఇంకా మెత్తబడింది. నా భర్త పని ఆగకుండా ఆ బళ్ళన్నిటినీ క్షేమంగా కిందికి దింపినందుకు నీకు స్తోత్రం అంది. అరకు మాట ఎత్తలేదు.

ప్రార్థన అయిపోయింది. ఆమె కళ్ళు మూసుకునే ఎదురుచూస్తోంది. గోడ మీద గడియారం చప్పుడు వినిపిస్తోంది.

"ఆమేన్," అన్నాను.

ఆమె కళ్ళు తెరిచి నా వైపు చూసింది. "వినపడలేదండీ. గట్టిగా అనండి."

గట్టిగా అన్నాను.